గొంతు వణికితే భయపడుతున్నట్టేనా? అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. గొంతు వణుకుతో వచ్చే మన తెలుగు పెద్దవాళ్ళ నుంచి ఎక్కువగా వినే మాటలివి.

అపోహ: టెన్షన్ వల్లే వణుకుతోంది.

వాస్తవం: టెన్షన్ పడితే ఎవరి గొంతైనా వణుకుతుంది, కాసేపటికి సర్దుకుంటుంది. ఇంట్లో మనవడితో మాట్లాడేటప్పుడు కూడా నెలల తరబడి ఒకే లయలో వణుకుతుంటే అది ఎసెన్షియల్ ట్రెమర్ కావచ్చు. చేతులనూ తలనూ వణికించే నరాల సమస్యే ఇది. టెన్షన్ దాన్ని పెంచుతుందే తప్ప పుట్టించదు. "ధైర్యంగా మాట్లాడమ్మా" అని ఇంట్లోవాళ్ళు అంటుంటే నాకు బాధేస్తుంది. ఆ మాట పడలేక ఫోన్ ఎత్తడమే మానేసినవాళ్ళున్నారు. మానసిక వైద్యానికి పేరున్న ఇక్కడి నిమ్హాన్స్ ఆసుపత్రికి వెళ్ళమంటే "నాకేం పిచ్చా?" అంటారు. అక్కడ న్యూరాలజీ విభాగం కూడా ఉందండీ.

అపోహ: కంప్యూటర్ జబ్బు పేరు చెప్పేస్తుంది.

వాస్తవం: "ఆ..." అని ఒకే శ్రుతిలో ఐదారు సెకన్లు పలికించి రికార్డు చేస్తాం. ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ శ్రుతి గీత అలలుగా కనిపిస్తుంది. సెకనుకు ఎన్ని అలలో అది వణుకు వేగం, అల ఎంత ఎత్తుందో అది తీవ్రత. ఎసెన్షియల్ ట్రెమర్‌లో వేగం సాధారణంగా 4 నుంచి 8 మధ్య ఉంటుంది. అయితే కొందరు గాయకులు కావాలని పలికించే వైబ్రాటో కూడా దాదాపు అంతే! అందుకే అంకె ఒక్కటే చాలదు. గొంతు మరీ గరగరలాడితే రిపోర్టులోని జిట్టర్ (శ్రుతిలో చిన్న చిన్న తేడాలు), షిమ్మర్ (శబ్ద తీవ్రతలో చిన్న చిన్న తేడాలు) అంకెలనూ నమ్మలేం. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి, మాట్లాడిస్తూ స్వరపేటిక వణుకుతోందా, అంగిలా, నాలుక మొదలా అని చూడాల్సిందే.

అపోహ: మాట తెగినా వణుకే.

వాస్తవం: స్పాస్మోడిక్ డిస్ఫోనియా కావచ్చు, అంటే మాట్లాడేటప్పుడు స్వరపేటిక కండరాలు మన అదుపు లేకుండా ఈడ్చుకుపోయే సమస్య. "మా మేనమామ ఊళ్ళోనే ఉన్నాడు" అన్నప్పుడు గొంతు బిగుసుకుని మాట తెగితే అది ఒక రకం. "తాత పాత కథ చెప్పాడు" అన్నప్పుడు గాలి పోయి తెగితే ఇంకో రకం. ఇక్కడ కన్నడంలోనో ఇంగ్లీషులోనో చదివిస్తుంటారు, తెలుగువాళ్ళని తెలుగులోనే పలికించమని అడగండి. నవ్వినప్పుడు, గుసగుసలాడినప్పుడు చాలామందికి ఇబ్బంది తగ్గుతుంది. దాన్ని చూసి నటన అనుకోవద్దు. ట్రెమర్, ఇది రెండూ కలిసీ ఉండొచ్చు.

అపోహ: వణికితే పార్కిన్సన్సే.

వాస్తవం: కాదు. అందులో ఎక్కువగా గొంతు సన్నగిల్లి, మాట ఎత్తుపల్లాలు లేకుండా సాగుతుంది.

అపోహ: బోటాక్స్ ఒకసారి వేయించుకుంటే చాలు.

వాస్తవం: ఇది స్వరపేటిక కండరాలను సడలించే సూదిమందు. గుణం సుమారు 3 నెలలే, మళ్ళీ వేయించుకోవాలి. మొదట్లో గొంతు గాలిగా మారొచ్చు, నీళ్ళు తాగితే పొరబోవచ్చు. పైగా స్పాస్మోడిక్ డిస్ఫోనియాకి పనిచేసినంత బాగా ట్రెమర్‌కి పనిచేయకపోవచ్చు. ఈ సంగతి సూది వేయించుకునే ముందే డాక్టరుతో మాట్లాడుకోండి.