సెరెంగెటి సఫారీ: అందరూ అనుకునేది, అక్కడ నిజంగా ఉండేది

హైదరాబాద్ నుంచి కుటుంబాల్ని టాంజానియాకి, అక్కడి సెరెంగెటి నేషనల్ పార్కులో సఫారీకి పంపించడం, కుదిరినప్పుడు వాళ్ళతో నేనూ వెళ్ళడం నా పని. వచ్చే ఫోన్లలో సగానికి పైగా ఒకేలా మొదలవుతాయి. "జులైలో మైగ్రేషన్ కదండీ, నాలుగు రోజుల్లో ఐదు పార్కులు వేయండి, బిగ్ ఫైవ్ గ్యారంటీగా కనపడాలి." ఈ ఒక్క వాక్యంలోనే మూడు అపోహలున్నాయి కాబట్టి వాటితోనే మొదలుపెడతా.

అపోహ: మైగ్రేషన్ అంటే జులైలో జరిగే జాతర

కాదు. 13 లక్షల దాకా విల్డెబీస్ట్‌లు (దున్నలా కనపడే పెద్ద జింక జాతి జంతువులు), వాటితో పాటు లక్షల్లో జీబ్రాలు ఏడాది పొడుగునా గడ్డి వెంట తిరుగుతూనే ఉంటాయి. జనవరి నుంచి మార్చి దాకా దక్షిణాన ఎండూటు వైపు ఉంటాయి. అక్కడి నేల అగ్నిపర్వతాల బూడిదతో ఏర్పడింది, గడ్డి పొట్టిగా ఉన్నా బలమైనది, అందుకే ఈనడానికి అక్కడికే వస్తాయి. ఫిబ్రవరిలో అయితే పుట్టిన దూడ కొద్ది నిమిషాల్లోనే లేచి నిలబడటం కళ్ళారా చూడొచ్చు. మే, జూన్‌లలో పడమర గ్రుమేటి నది వైపు, జులై నుంచి అక్టోబర్ దాకా ఉత్తరాన కోగాటెండె దగ్గర మారా నది వైపు ఉంటాయి. నవంబర్‌లో వానలు పడగానే మళ్ళీ దక్షిణానికి. వాన ముందూ వెనకా అయితే ఇదంతా ఓ రెండు మూడు వారాలు అటూ ఇటూ జరుగుతుంది.

మనవాళ్ళ అసలు సమస్య జులై కాదు, పిల్లల సెలవులు. వేసవి సెలవులు ఏప్రిల్, మే. సరిగ్గా అప్పుడే అక్కడ పెద్ద వానలు. ధరలు తగ్గుతాయి, జనం ఉండరు, నేలంతా పచ్చగా ఉంటుంది, కానీ కొన్ని క్యాంపులు మూసేస్తారు. పైగా పడమటి వైపు నేల అచ్చం మన నల్లరేగడే. వాన పడ్డాక నల్లరేగడి చేలో ట్రాక్టర్ దిగబడటం చూసినవాళ్ళకి నేను ఇంకేం చెప్పక్కర్లేదు. నన్నడిగితే దసరా సెలవులు బంగారం, మందలు మారా నది దాటడం చూడాలనుకుంటే అప్పుడే ఉత్తరానికి వెళ్ళాలి. సంక్రాంతికైతే దక్షిణం. వేసవిలోనే వెళ్ళక తప్పదంటే బడులు తెరిచేలోపు, మే ఆఖరి వారమో జూన్ మొదటి వారమో చూసుకోండి.

ఇక నది దాటడం. టీవీలో ఎడిట్ చేసి చూపిస్తారు, అక్కడ ఎడిటింగ్ లేదు. ఒక దసరాకి ఇద్దరు పిల్లలున్న కుటుంబంతో ఒడ్డున పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా బండిలోనే కూర్చున్నాం. వేల జంతువులు అంచు దాకా వచ్చి నిలబడ్డాయి. వర్షాకాలం చెరువు గట్టున కప్పలన్నీ ఒక్కసారి అందుకున్నట్టు ఒకటే గుర్రుమనే మోత, పైన దుమ్ము. ముందున్నది కాళ్ళు నీళ్ళలో పెట్టింది, దూరంగా ఓ జీబ్రా అరిచింది, అంతే, మంద మొత్తం వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ నాన్నగారు నా వైపు చూసిన చూపు నేనింకా మర్చిపోలేదు. మర్నాడు ఇంకో రేవు దగ్గర ఏడు నిమిషాల్లో అంతా దాటేశాయి. ఉత్తరాన ఒక్క రాత్రే ఉంటామన్నవాళ్ళకి ఆ మర్నాడు ఉండదు, అదీ నా గోల.

అపోహ: ఎక్కువ పార్కులు, ఎక్కువ జంతువులు

సెరెంగెటి 14,763 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి నల్గొండ జిల్లా కంటే కాస్త పెద్దది. సఫారీలు బయల్దేరే అరుషా ఊరి నుంచి పార్కు మధ్యలోని సెరోనెరాకే రోడ్డు మీద ఏడెనిమిది గంటలు, అక్కడి నుంచి కోగాటెండెకి ఇంకో మూడు నాలుగు గంటలు. లోపల స్పీడ్ లిమిట్ 50, రాత్రి తిరగనివ్వరు. నాలుగు రోజుల్లో ఐదు పార్కులంటే మీరు చూసేది రోడ్డు. రెండు చాలు: సెరెంగెటిలో మూడు నాలుగు రాత్రులు, పాత అగ్నిపర్వతం కూలి ఏర్పడిన పెద్ద బిలం ఉన్న గోరోంగోరోలో ఒకటి.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. పార్కు ఫీజు 24 గంటల లెక్క, ప్రధాన సీజన్‌లో విదేశీ పెద్దవాళ్ళకి తలకి 70 డాలర్లు, దాని పైన 18 శాతం వ్యాట్. అరుషా నుంచి సెరెంగెటికి మామూలుగా వెళ్ళే రోడ్డు గోరోంగోరో మీదుగానే, దానికి వేరే ఫీజు, వెనక్కి వచ్చేటప్పుడు మళ్ళీ. ఆ బిలంలోకి దిగాలంటే బండికి ఇంకో 250 డాలర్లు, వ్యాట్ అదనం. చవక ప్యాకేజీ కనపడితే ఇవన్నీ అందులో ఉన్నాయా అని రాతపూర్వకంగా అడగండి, జవాబు ఆలస్యమైతే లేవనే అర్థం.

అపోహ: పులి కూడా కనపడుతుంది

నవ్వకండి, ఇది వారానికోసారైనా వింటాను. ఒక పెద్దావిడ అడిగారు, "బాబూ, సింహాలు సరే, పులి ఎన్నో రోజు చూపిస్తావు?" అని. ఆఫ్రికాలో పులి లేదమ్మా అంటే, "ఇంత డబ్బు కట్టించుకుని పులి కూడా లేదా" అన్నారు. తప్పు ఆవిడది కాదు, మన పేపర్లది. లెపర్డ్‌నీ చిరుతపులి అంటారు, చీతానీ చిరుతపులి అంటారు. మా డ్రైవర్ల స్వాహిలీలో ఆ గొడవ లేదు: చెట్టు కొమ్మ మీద కాళ్ళు వేలాడేసుకుని పడుకునేది చూయి, మైదానంలో చెదపుట్ట ఎక్కి చుట్టూ చూసేది దూమా.

బిగ్ ఫైవ్ అన్నది కాలినడకన వేటాడటానికి కష్టమైన ఐదు జంతువులకి వేటగాళ్ళు పెట్టిన పేరు. సింహం, ఏనుగు, అడవి దున్న, లెపర్డ్, ఖడ్గమృగం. చూడటానికి గొప్పవని కాదు. ఖడ్గమృగాలు సెరెంగెటిలో చాలా తక్కువ, మోరు గుట్టల వైపు ఉంటాయి, అదృష్టం ఉండాలి. గోరోంగోరోలో అవకాశం ఎక్కువ. గ్యారంటీ ఇచ్చినవాడికి మాత్రం అడ్వాన్స్ ఇవ్వకండి. అన్నట్టు ఆ మోరు బండరాళ్ళు చూస్తే నాకు గచ్చిబౌలి గుర్తొస్తుంది, కాకపోతే బండ మీద సింహం పడుకుని ఉంటుంది.

అపోహ: ఆఫ్రికా కదా, ఎండలు మండిపోతాయి

గోరోంగోరో అంచు 2,200 మీటర్ల పైనే. జూన్ నుంచి ఆగస్టు దాకా తెల్లవారుజామున, పైకప్పు లేపిన బండిలో, వణుకు మామూలుగా ఉండదు. స్వెటర్, మంకీ క్యాప్ పెట్టుకోండి. నలుపు, ముదురు నీలం బట్టలు వద్దు. సెట్సీ ఈగలు ఆ రంగులకే వస్తాయి, దారిలో చెట్లకి వేలాడే నీలం, నలుపు గుడ్డలు వాటికి పెట్టిన ఉచ్చులే. జీన్స్ మీద నుంచి కూడా కుడతాయి, ఓడోమాస్‌ని లెక్కచేయవు. మలేరియా మాత్రలు మాత్రం డాక్టర్‌ని అడిగి తప్పకుండా తీసుకోండి.

కెన్యాలో మసాయి మారా కూడా కలుపుకుంటే ఎల్లో ఫీవర్ టీకా కార్డు ఉండాలి. లేకపోతే తిరిగొచ్చాక ఇక్కడ ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. చివరి వారంలో పరిగెత్తకండి.

అపోహ: అక్కడ మన తిండి దొరకదు, అన్నీ మోసుకెళ్ళాలి

అరుషా నుంచి లోపలికి వెళ్ళే చిన్న విమానాల్లో చేతి బ్యాగుతో కలిపి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగు. గట్టి సూట్‌కేసు వాటిలో పట్టదు. కాటా దగ్గర పచ్చడి సీసాలు తీసి పక్కన పెడుతూ ఏది వదలాలో తేల్చుకోలేక గొడవపడిన దంపతుల్ని చూశాను. ఆవకాయ అర కిలో, సీసా కాకుండా ప్యాకెట్లో పెట్టించుకోండి, చాలు. శాకాహారులమని ముందే చెబితే లాడ్జిలో చిక్కుడు గింజల కూర, అన్నం, చపాతీ చేసిపెడతారు. దాన్ని వాళ్ళూ చపాతీ అనే అంటారు.