పిల్లల అల్లరికి నూనె మర్దన: అపోహలు – వాస్తవాలు

కోనసీమలో ఆయుర్వేద వైద్యం చేసే నన్ను తల్లులు, అమ్మమ్మలు తరచూ అడిగే ప్రశ్న ఇది: "డాక్టరు గారూ, వీడు ఒక్కచోట కూర్చోడు, ఏ నూనె రాయమంటారు?" నూనె పేరు చెబుతాను. దానితోపాటు కొన్ని అపోహలు కూడా వదిలించాల్సి వస్తోంది.

అపోహ: మాడు మీద పెట్టిన నూనె మెదడుకు దిగి పిల్లాడిని కుదుట పరుస్తుంది.

వాస్తవం: మాడు మెత్తగా ఉందంటే అక్కడి ఎముకలు ఇంకా కలవలేదని అర్థం. చాలామంది పిల్లల్లో ఏడాదిన్నర వయసుకల్లా అవి కలుస్తాయి. ఈలోగా కూడా చర్మాన్ని, లోపలి పొరలను దాటి ఆముదం మెదడులోకి పోదు. పిల్లవాడు శాంతిస్తున్నది ఎక్కువగా చేతి స్పర్శకే. రోజూ ఒకే వేళ, గోరువెచ్చని నూనెతో, తొందర లేకుండా వీపు, కాళ్లు, అరికాళ్లు నిమిరితే నిద్ర పట్టడం తేలికవుతుంది. అమ్మ చేతిలో ఫోను లేని ఆ పావుగంట విలువ నా దృష్టిలో సీసా ధర కన్నా ఎక్కువ. బల అనే మూలిక వేరు, పాలు, నువ్వుల నూనెతో కాచే క్షీరబలా తైలాన్ని నేనూ సూచిస్తాను. వాతం పెరిగిన ఒంటికి అది మంచిదని మా శాస్త్రం చెబుతుంది. కానీ అంబాజీపేట కొబ్బరినూనె రాసినంత మాత్రాన పిల్లవాడికి ఏ లోటూ రాదు. ఎండాకాలంలో, చెమటకాయలు పేలినప్పుడు మాత్రం ఏ నూనె అయినా కొన్నాళ్లు ఆపండి.

అపోహ: ఎంత గట్టిగా రుద్దితే అంత బలం.

వాస్తవం: పసిపిల్లల ముక్కు సాగదీయడం, రొమ్ములు పిండడం, మాడు నొక్కడం పూర్తిగా మానాలి. పుట్టిన బిడ్డ రొమ్ములు ఉబ్బితే వాటంతట అవే తగ్గుతాయి. పిండితే చీము పట్టవచ్చు. అమ్మమ్మలకు కోపం వచ్చినా ఈ మాట చెప్పక తప్పదు.

అపోహ: మర్దన రోజూ చేయాల్సిందే, జలుబు చేసినా సరే.

వాస్తవం: ప్రాచీన ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు అభ్యంగనాన్ని, అంటే నూనె మర్దనను, నిత్యం చేయమన్నాడు. కఫం, అజీర్ణం ఉన్నప్పుడు వద్దని అన్నదీ ఆయనే. అన్నం తిన్న వెంటనే కూడా వద్దు.

అపోహ: మూలికల నూనె కాబట్టి ముక్కులో, చెవిలో చుక్క వేసినా, కర్పూరం కలిపినా హాని లేదు.

వాస్తవం: ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. కర్ణభేరికి రంధ్రం ఉంటే చెవిలో నూనె ప్రమాదమే. కర్పూరం కొద్దిగా మింగినా చిన్నపిల్లలకు ఫిట్స్ రావచ్చు. కొత్త నూనెను ముందు ముంజేతి మీద కొద్దిగా రాసి, మర్నాటిదాకా చూడండి. నువ్వులు పడని పిల్లలూ ఉంటారు.

అపోహ: నూనె ఉండగా డాక్టరు ఎందుకు?

వాస్తవం: రక్తహీనత, నులిపురుగులు, పెరిగిన అడినాయిడ్లు (ముక్కు వెనక ఉండే కండలు), సరిగా వినిపించకపోవడం, రాత్రి చాలీచాలని నిద్ర, వీటిలో ఏదైనా పిల్లవాడిని చికాకు పెట్టగలదు. గురక పెట్టే పిల్లవాడి అరికాళ్లకు నూనె రాస్తే గురక పోదు. ఇంట్లోనూ బడిలోనూ ఆరు నెలలకు పైగా నిలకడ లేకపోతే ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఉందేమో పిల్లల వైద్యుడు చూడాలి. అప్పుడు కూడా మర్దన మానమని నేను చెప్పను. కానీ నాలుగు సీసాలు అయ్యాక వద్దామని మాత్రం ఆగకండి.