మార్కులు కాదు, ఎదుగుదల: టీచర్ల బోనస్‌పై అపోహలు - వాస్తవాలు

గుంటూరు పక్క పల్లెలో హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఇరవై ఏళ్లు దాటింది. పిల్లలు ఏడాదిలో ఎంత ఎదిగారో చూసి టీచర్లకు బోనస్ ఇవ్వడం గురించి స్టాఫ్ రూమ్‌లో తరచూ వినే మాటలివి.

అపోహ: మార్కులు ఎక్కువ వస్తేనే మంచి బడి.

వాస్తవం: ఆరో తరగతిలో చేరిన ఒక పాప 43లోంచి 17 తీసేయమంటే 34 అని వేసింది. ప్రతి వరసలో పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసింది. అప్పు తెచ్చుకోవడం రాదు. పది పుల్లల కట్ట విప్పి ఒకట్లు చేసి చూపిస్తూ ఉంటే నెలకు పట్టుకుంది. మార్చికి భాగహారాలు చేస్తోంది. ఏడాది చివర వచ్చినవి వందకు 38. పక్క బెంచీ అబ్బాయి 88తో వచ్చి 90 తెచ్చుకున్నాడు. మార్కుల లిస్టు చూసినవాళ్లకు ఆ పాప వెనకబడ్డ పిల్ల, అంతే. జూన్‌లో ఎక్కడుందో కూడా చూస్తేనే ఆ ఏడాది జరిగిన పని కనబడుతుంది.

అపోహ: డబ్బు ఆశ పెడితే చదువు పోయి బట్టీ మిగులుతుంది.

వాస్తవం: భయం సహజమే. అయితే దీన్ని మన దగ్గరే పరీక్షించి చూశారు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని సర్కారు ప్రాథమిక బడుల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఈ ప్రయోగం మొదలుపెట్టారు. 100 బడుల్లో ఏ టీచర్ బోనస్ ఆ టీచర్‌కే, 100 బడుల్లో బడి మొత్తానికి, మరో 100 బడుల్లో ఏమీ లేదు. పిల్లల సగటు ఎంత పెరిగిందన్న దాన్నిబట్టే బోనస్. అది కూడా ఏడాది జీతంలో సుమారు 3 శాతం. రెండేళ్లకు బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో, భాషలో ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా.

అక్కడ పరీక్ష పెట్టింది బయటివాళ్లు. నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే. ఏడాది మొదటి పరీక్షలో టీచర్లే మార్కులు కావాలని తగ్గించి వేయడం నేను కళ్లారా చూశాను. అలా వేస్తే ఏడాది చివర ఎదుగుదల దానంతట అదే వచ్చేస్తుంది. పిల్లలకు ఒరిగేదేమీ ఉండదు.

అపోహ: ఎదుగుదల అంకె చూస్తే టీచర్ సత్తా తేలిపోతుంది.

వాస్తవం: మా సెక్షన్‌లో 22 మంది. పరీక్ష రోజు ముగ్గురు జ్వరంతో కూర్చుంటే సగటు పడిపోతుంది. పిల్లల మార్కుల్లో కనిపించే తేడాల్లో టీచర్ వంతు 1 నుంచి 14 శాతం మధ్య ఉంటుందని ఎక్కువ అధ్యయనాలు చూపాయని అమెరికా గణాంక శాస్త్రవేత్తల సంఘం 2014లో ప్రకటించింది. టీచర్ అవసరం లేదని దానర్థం కాదు. ఒక్క ఏడాది అంకె పట్టుకుని జీతం కోసేంత బలం ఆ అంకెకు లేదు. రెండు మూడేళ్ల లెక్క కలిపి చూడాలి, తరగతిలో కూర్చుని పాఠమూ వినాలి.

అపోహ: తెలివైన పిల్లలుంటే ఎదుగుదల చూపడం తేలిక.

వాస్తవం: 96 తెచ్చుకునే పిల్లకు పైన మిగిలింది నాలుగే మార్కులు. పేపర్ ఇంకా కఠినంగా ఉంటే తప్ప ఆ పిల్ల ఎంత ఎదిగిందో బయటపడదు.

ఇక మిరప కోతలు. ఆ రోజుల్లో తల్లితో చేలోకి పోయే పిల్లలు వారాల తరబడి బడికి రారు. కోతల కోసం వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్ల పిల్లలు మధ్యలో చేరి, కోతలవగానే వెళ్లిపోతారు. వీళ్లను ఎవరి లెక్కలో వేస్తారో జూన్‌లోనే రాసి ఇవ్వమని ప్రతి ట్రైనింగ్‌లో అడుగుతున్నాను.