కట్టని గోడకు ఇటుకల లెక్క

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. సెలవులకు హైదరాబాదు వెళ్లినప్పుడు పిన్ని తన కంప్యూటర్‌లో ఒక బడి భవనం చూపించిందనీ, ఒక్క మీట నొక్కగానే దానికి ఎన్ని తలుపులు, ఎంత కాంక్రీటు, ఎన్ని ఇటుకలు కావాలో పట్టిక వచ్చేసిందనీ రాశారు. “ఆ బడి ఇంకా కట్టనేలేదు కదా తాతయ్యా, లేని గోడలో ఇటుకలు ఎలా లెక్కపెట్టారు?” అని అమ్మాయి అడిగింది. దాని కిందే “కంప్యూటర్ చెప్పింది కాబట్టి తప్పు ఉండదు” అని చిన్నవాడు ఒక వాక్యం జోడించాడు. ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. చిన్నవాడి మాట సంగతి కాస్త తరువాత చూద్దాం.

ముందు మీ బడిలో హాజరు పట్టీని గుర్తు చేసుకోండి. ఎవరైనా తెల్ల కాగితం మీద నలభై గీతలు గీసి “ఇదిగో మీ తరగతి” అన్నారనుకోండి. అందులో ఎవరు ఎవరో, ఎవరికి ఎంత కొలత చొక్కా కుట్టించాలో తెలుస్తుందా? నేను ఎస్టిమేట్లు వేసిన రోజుల్లో ఇంటి ప్లాను అలాగే ఉండేది. రెండు గీతలు పక్కపక్కన ఉంటే గోడ, మధ్యలో ఖాళీ ఉంటే గుమ్మం. అది గోడ అని మాకు తెలుసు గాని గీతకు తెలియదు. అందుకే ఒక్కో గోడ కొలతా చూసుకుని, పొడవు, మందం, ఎత్తు మూడు గడుల్లో వేసుకుని, గుణించి, గుమ్మాలూ కిటికీలూ తీసేసి, కూడేవాళ్లం. అంతా అయ్యాక ఇంటివారు వచ్చి వంటగది గోడ ఒక అడుగు జరపమంటే మళ్లీ మొదటి నుంచి.

పిన్ని చేసే పనికి భవన సమాచార నమూనా అని పేరు. ఆ వృత్తిలో ఉన్నవాళ్లు బిమ్ అంటారు. అక్కడ గీతలు గీయరు. పిల్లవాణ్ని బడిలో చేర్పించినట్టు గోడను నమూనాలో చేర్పిస్తారు. చేర్చేటప్పుడే దాని పొడవు, ఎత్తు, మందం, ఇటుకదా కాంక్రీటుదా, ఏ అంతస్తుది, ఏ కిటికీ దానిలో ఉంది, అన్నీ రాయించుకుంటారు. ప్రతి గోడకూ ప్రతి తలుపుకూ ఒక రోల్ నంబరు కూడా ఇస్తారు. వేరువేరు సాఫ్ట్‌వేర్లు ఒకే నమూనాను చదువుకోవడానికి ఐ.ఎఫ్.సి. అనే ఉమ్మడి పద్ధతి ఉంది. అది 2013లో ఐ.ఎస్.ఓ. 16739 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. అందులో ఆ రోల్ నంబరు 22 అక్షరాల పొడవు ఉంటుంది. మరొక గోడ నంబరుతో కలవకుండా ఉండాలని అంత పొడవు.

ఇక హెడ్మాస్టరు గారు వచ్చి, “రెండో అంతస్తులో ఉన్న ఇటుక గోడలన్నీ లేచి నిలబడండి” అంటారు. లేస్తాయి. “మీ మీ ఘనపరిమాణం చెప్పండి” అంటారు. చెబుతాయి. గుమాస్తా కూడుతాడు. పిన్ని నొక్కిన మీట అంతే చేసింది.

ఒక్క గోడను మనమే నిలబెట్టి అడుగుదాం. పొడవు 4 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, మందం 20 సెంటీమీటర్లు. గుణిస్తే 2.4 ఘనపు మీటర్లు. అందులో 1 మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు ఉన్న గుమ్మం ఉంది. దాని చోటు 0.42 ఘనపు మీటర్లు తీసేస్తే మిగిలేది 1.98. ప్రామాణిక ఇటుక 19 సెంటీమీటర్ల పొడవు, 9 వెడల్పు, 9 ఎత్తు. చుట్టూ సిమెంటు మాలు కలిస్తే అది 20, 10, 10 అవుతుంది. అంటే ఒక ఘనపు మీటరు కట్టుబడిలో 500 ఇటుకలు. మన గోడకు 990. దారిలో విరిగేవాటికి మరికొన్ని చేర్చి బట్టీకి కబురు పెట్టాలి. చూశావా అమ్మాయీ, గోడ లేకపోయినా దాని కొలతలు ఉంటే చాలు.

గుమ్మాన్ని పెద్దది చేస్తే పట్టిక కూడా తనంతట తాను మారుతుంది. 1975లోనే అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉన్న చార్లెస్ ఈస్ట్‌మన్ ఈ మాట రాశారు. భవనాన్ని బొమ్మలుగా కాక దానిలోని వస్తువుల వివరాలుగా కంప్యూటర్‌లో దాచుకుంటే, మార్పు ఒక్కసారి చేస్తే చాలనీ, సామగ్రి లెక్కలూ ఖర్చు అంచనాలూ అందులోంచే తీయవచ్చనీ ఆయన చెప్పారు. అప్పటికి మామూలు ఆఫీసుల్లో కంప్యూటర్లే లేవు. బ్రిటన్ ప్రభుత్వం తన భవనాలకు ఈ పద్ధతి తప్పనిసరి చేసింది 2016లో. మంచి ఆలోచన పని చేసేవాళ్ల బల్ల మీదికి రావడానికి అన్నేళ్లు పట్టింది.

ఇప్పుడు చిన్నవాడి మాటకు వద్దాం. నాన్నా, మీ బడిలో మధ్యాహ్న భోజనం ఎన్ని పళ్లేలకు వండుతారు? హాజరు పట్టీలో ఉన్నంతమందికి. మరి ఒక పిల్లవాడి పేరు రాయడం మరిచిపోతే? వాడికి గుడ్డు రాదు. ఒకే పిల్లవాడి పేరు రెండు సెక్షన్లలో ఉంటే? ఒక గుడ్డు మిగిలిపోతుంది. ఐదో తరగతి వాణ్ని ఒకటో తరగతిలో రాస్తే వాడికి చిన్న చొక్కా వస్తుంది. కూడికలో తప్పేమీ లేదు, చేర్చుకోవడంలో ఉంది. నమూనాలో కాంక్రీటు గోడను పొరపాటున ఇటుక గోడ అని రాస్తే, అది ఇటుక గోడలను పిలిచినప్పుడే లేచి నిలబడుతుంది. కంప్యూటర్‌కు అనుమానం రాదు, పిన్నికి రావాలి.

రెండు సెక్షన్లలో పేరున్న పిల్లవాడు ఇళ్లలో ఎక్కడుంటాడో తెలుసా? మూలల్లో. ఈ సంగతి నేను మీ వయసులోనే నేర్చుకున్నాను. మా నాన్నగారు తాపీ మేస్త్రీ. పని కొలిచే రోజున నన్ను వెంట తీసుకెళ్లేవారు. గుడ్డ టేపు చివరనున్న ఇత్తడి కొక్కెం గోడ అంచుకు ఆనించి పట్టుకోవడం నా పని. అప్పట్లో కొలతలు అడుగులూ అంగుళాలూ. ఓవర్సీయరు గారు అంకె చదివితే, నాన్నగారు పైకి మరోసారి పలికితే, అప్పుడు కొలతల పుస్తకంలోకి ఎక్కేది. పొడుగు గోడలకు నన్ను బయటివైపు నిలబెట్టేవారు. పొట్టి గోడలకు గది లోపలికి రమ్మనేవారు. బయట మండుటెండ, లోపల తడి సున్నం వాసన, చల్లదనం. పొట్టి గోడల వంతు ఎప్పుడు వస్తుందా అని చూసేవాణ్ని. ఎందుకు ఇలా బయటికీ లోపలికీ తిప్పుతున్నారని అడిగితే నాన్నగారు మూల మీద అరచెయ్యి పెట్టి, “ఇది ఏ గోడది?” అన్నారు. రెండింటిదీ అన్నాను. “రెండింటిదీ అంటే రెండుసార్లు డబ్బులు అడిగినట్టు. అది తీసుకోకూడదు” అన్నారు. అధికారి చూడని లెక్కను కూడా ఆయన సరిగ్గానే చెప్పేవారు.

ఆ మూల ఖరీదు ఎంతో లెక్క వేయండి. లోపల 4 మీటర్లు, 3 మీటర్లు ఉన్న గదికి 20 సెంటీమీటర్ల గోడలు. నాన్నగారి పద్ధతిలో రెండు పొడుగు గోడలు 4.4 చొప్పున, రెండు పొట్టి గోడలు 3 చొప్పున, మొత్తం 14.8 మీటర్లు. నాలుగూ బయటి నుంచే కొలిస్తే 15.6. తేడా 80 సెంటీమీటర్లే. కాని 3 మీటర్ల ఎత్తుకు అది 0.48 ఘనపు మీటర్లు, అంటే 240 ఇటుకలు! ఒక్క గదిలో, ఏ గోడలోనూ లేని ఇటుకలు. నమూనాలో కూడా రెండు గోడలు మూల దగ్గర సరిగ్గా అతకకపోతే ఇదే జరుగుతుంది.

ఇటుక అంటే పొలం పైమట్టి, పిల్లలూ. పంట పండించగలిగే మట్టి. దాన్ని తవ్వి, అచ్చు పోసి, బట్టీలో కాల్చి తెస్తారు. లెక్క తప్పి తెచ్చిన ఇటుక పని ముగిశాక వీధి పక్కన నాచు పట్టి పడి ఉంటుంది. అది తిరిగి మట్టి కాదు. పిన్ని నమూనాలో గోడ నిలబడేసరికి ఆ ఇటుకల మట్టి ఇంకా ఎక్కడో చేనులోనే ఉంది. దాని మీద ఏ మినుమో పెసరో పెరుగుతూ ఉండవచ్చు. అప్పుడే దానికి ఏ అంతస్తులో చోటుందో తెలిసిపోయింది! ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

హాజరు పట్టీలో ఎక్కనివాళ్లు ఇంకా ఉన్నారు. స్లాబు పోసేటప్పుడు కింద బిగించే సెంట్రింగ్ పలకలు, పరంజా కర్రలు భవనంలో ఉండిపోవు, పని చేసి వెళ్లిపోతాయి. నమూనాలో వాటి పేరు తరచు ఉండదు, ఖర్చు మాత్రం ఉంటుంది. కాంక్రీటు స్తంభాన్ని చేర్చుకుని దాని లోపలి చువ్వలను రాయకుండా వదిలేయడం కూడా మామూలే. పిల్లవాడి పేరు రాసి, సంచిలో పుస్తకాలేమున్నాయో చూడనట్టు. వాటిని విడిగా లెక్కించాలి. చువ్వ మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగించండి. మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల చువ్వకు 0.889.

ఒక్కటి చెప్పి ఆపుతాను. మన 4 మీటర్ల గోడకు రెండు వైపులా ప్లాస్టరింగ్ ఎంత? నమూనా గుమ్మాన్ని రెండు వైపులా తీసేసి 19.8 చదరపు మీటర్లు అంటుంది. మన దేశంలో పని కొలిచే పద్ధతిని చెప్పే ఐ.ఎస్. 1200 ప్రకారం, అర చదరపు మీటరు నుంచి 3 చదరపు మీటర్ల వరకు ఉన్న ఖాళీని ఒక వైపే తీసేయాలి. అప్పుడు 21.9 వస్తుంది. ఎందుకంటే గుమ్మం లోపలి అంచులకు కూడా మేస్త్రీ పూత పూయాలి, దానికి విడిగా డబ్బు రాదు. అంచు తిన్నగా తీయడం చదును గోడ కంటే కష్టమైన పని. ఆ కష్టాన్ని ఎరిగినవాళ్లు రాసిన నియమం అది. పట్టిక తీసే మనిషికి అది తెలియకపోతే మేస్త్రీ కూలి తగ్గిపోతుంది. అందుకే మీట నొక్కేవాళ్లు కూడా ఒకసారి గోడ దగ్గర నిలబడి పని చూడాలని నా పట్టుదల.

ఇంతకు మించి కాగితం మీద చెప్పలేను. మీ వీధి చివర ఇల్లు కడుతున్నారని రాశారు కదా. ఆదివారం నాన్నను వెంటబెట్టుకుని, అక్కడివాళ్లను అడిగి, టేపు తీసుకుని వెళ్లండి. గుమ్మం దగ్గర గోడ మందం కొలవండి. తరువాత తల ఎత్తి, ఇటుకల పై వరస ఎక్కడ ఆగిందో చూడండి. స్లాబు దాకా వెళ్లిందా, బీము కిందే ఆగిందా? గోడ ఎత్తు అని దేన్ని రాయాలో మీ ఇద్దరూ తేల్చుకుని నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య