సున్నా దగ్గర గ్రోత్ ఫంక్షన్ ఎందుకు మొండికేస్తుంది?

గుంటూరులో బీకామ్ చదువుతున్న మా తమ్ముడి కూతురు పోయిన ఆదివారం ఫోన్ చేసింది. వాళ్లమ్మ ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. లోన్ కావాలంటే వచ్చే ఏడాది అమ్మకాల అంచనా ఇమ్మన్నారట బ్యాంకులో. "పెదనాన్నా, ఎక్సెల్‌లో గ్రోత్ ఫంక్షన్ కొడితే నమ్ (#NUM!) ఎర్రర్ అంటోంది. అంకెలన్నీ కరెక్టుగానే వేశాను" అంది. ఒక్కొక్కటీ చదవమన్నాను. మొదటి నెల ఆర్డర్లు సున్నా. దొంగ దొరికాడు.

ఉన్న అంకెల్ని బట్టి రాబోయే అంకెని అంచనా వేసే ఈ ఫంక్షనంటే నాకు కాస్త పిచ్చి. దానికి కారణం మా డాబా మీదున్న సిమెంటు తొట్టి. విజయవాడలో కాలువగట్ల మీద పెరిగినవాళ్లకి గుర్రపుడెక్కని పరిచయం చేయక్కర్లేదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడిన ఈ మొక్క పక్కకి ఒక కాడ చాపి, దాని చివర పిలక వేస్తుంది. ఆ పిలక ఇంకో పిలక వేస్తుంది. రైవస్ కాలువలోంచి మూడు మొక్కలు తెచ్చి తొట్టిలో వేసి, ప్రతి ఆదివారం లెక్కపెట్టాను. మొక్కల్ని లెక్కపెడితే దిష్టి తగిలి పెరగవని మా అమ్మ తిట్టేది. అదే నిజమైతే కాలువలో దీన్ని తీయడానికి పొక్లెయిన్లు ఎందుకు, గట్టు మీద నలుగురు గుమాస్తాల్ని కూర్చోబెట్టి లెక్కపెట్టిస్తే పోయేది.

మొదటి ఆదివారానికి 4. ఆ తర్వాత 6, 9, 13, 20.

ఎనిమిదో వారానికి ఎన్నవుతాయి? ట్రెండ్ ఫంక్షన్‌ని అడిగితే 30 అంది. అది వారానికి ఇన్ని చొప్పున కూడుకుంటూ పోతుంది. గ్రోత్‌ని అడిగితే 66 అంది. అంకెలు అవే, వారాలు అవే, జవాబు రెట్టింపు దాటింది. గ్రోత్ కూడుకుంటూ పోదు, వారానికి ఇన్ని రెట్లు చొప్పున హెచ్చవేస్తుంది.

అయితే లోపల అది చేసేది కూడా గీత గీయడమే! ముందు ప్రతి అంకెకీ లాగరిథమ్ తీస్తుంది, అంటే e (సుమారు 2.718) అనే సంఖ్యని ఎన్నో ఘాతానికి పెంచితే ఆ అంకె వస్తుందో చూస్తుంది. 4కి 1.39, 6కి 1.79, 9కి 2.20, 13కి 2.56, 20కి 3.00. వరసగా తేడాలు చూడండి, అన్నీ 0.4కి అటూఇటూ. పైపైకి ఎగబాకే వంపు కాస్తా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా వచ్చేసింది. ఆ చుక్కల మధ్యలోంచి కనిష్ఠ వర్గాల పద్ధతిలో (చుక్కలకీ గీతకీ ఉన్న తేడాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా) ఒక గీత గీసి, దాన్ని ఎనిమిదో వారం దాకా పొడిగించి, అక్కడ వచ్చిన 4.18ని యాంటీలాగ్‌తో, అంటే లాగ్‌ని వెనక్కి తిప్పే లెక్కతో, మళ్లీ మొక్కల్లోకి మారుస్తుంది. అంతే! 1614లో నేపియర్ లాగరిథమ్‌లని అచ్చువేయించింది గుణకారాన్ని కూడికగా మార్చుకోవడానికే. ఇంటర్లో మా చేత లాగ్ టేబుల్స్ పుస్తకం అట్ట ఊడేదాకా తిప్పించారు గానీ, ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు.

గీత వాలు 0.399. దాని యాంటీలాగ్ 1.49. లాగెస్ట్ అనే ఫంక్షన్ ఈ అంకెని నేరుగా ఇస్తుంది. అంటే వారానికి ఒకటిన్నర రెట్లు. 2కి లాగ్ అయిన 0.693ని 0.399తో భాగిస్తే 1.74 వారాలు, సుమారు 12 రోజులకి రెట్టింపు. కాలువ నిండా పచ్చగా కప్పేసిందని మనం గోల పెట్టే రోజుకి 12 రోజుల ముందు సగం నీళ్లు కనబడుతూనే ఉండి ఉంటాయి.

అసలు తమాషా ఇక్కడుంది. లాగ్ తీశాక చిన్న అంకెకీ పెద్ద అంకెకీ ఒకే మర్యాద. నేను చివరి ఆదివారం 20 బదులు పొరపాటున 21 అని రాస్తే, 66 కాస్తా 70కి దగ్గరవుతుంది. అదే మొదటి ఆదివారం 4 బదులు 5 అని రాస్తే 55కి పడిపోతుంది. రెండు చోట్లా తప్పిన మొక్క ఒక్కటే. కానీ 4లో ఒకటి అంటే పావు వంతు, 20లో ఒకటి అంటే ఇరవయ్యో వంతు. లాగ్ చూసేది వంతుల్నే.

మరి సున్నా? 4ని సగం చేయండి, 2. మళ్లీ సగం, 1. మళ్లీ, అర. ఎన్నిసార్లు సగం చేసినా సున్నాకి చేరరు. కాబట్టి సున్నాకి లాగ్ లేదు. చుక్క ఎక్కడ పెట్టాలో తెలియక ఎక్సెల్ చేతులెత్తేస్తుంది. మైనస్ అంకెకీ అదే గతి.

అమ్మాయి ఇదంతా ఓపిగ్గా విని, "అయితే సున్నా బదులు 1 వేసేస్తా" అంది. వేసి చూడు, కొంప మునుగుతుంది అన్నాను. తొట్టి లెక్కే తీసుకోండి. మొక్కలు తెచ్చిన రోజుని సున్నా వారం అనుకుని, అక్కడ ఉన్న 3 కూడా కలిపితే ఎనిమిదో వారం జవాబు 61, దాని బదులు 1 అని రాస్తే 121కి ఎగిరింది. వారం వారం నేను లెక్కపెట్టిన ఐదు అంకెల్లో ఒక్కటీ మారలేదు. ఆ నెల వరసే తీసేసి, అమ్మకాలు మొదలైన నెల నుంచి ఇమ్మని చెప్పాను.

ఇంకో సంగతి కూడా చెప్పాను. గ్రోత్‌కి తొట్టి గోడ కనబడదు. నా ఐదు అంకెలిచ్చి 52వ వారం అడిగితే సుమారు 279 కోట్ల మొక్కలంటుంది. నిజంగా ఎనిమిదో ఆదివారం నేను లెక్కపెట్టినవి 41. అప్పటికే ఆకులు ఒకదాని మీదొకటి ఎక్కి, అడుగువి పసుపురంగుకి తిరిగాయి. వాళ్లమ్మ వంటింట్లో ఉన్నవి రెండు స్టవ్‌లు, నాలుగు జాడీలు.

సాయంత్రం మెసేజ్ పెట్టింది. వరస తీసేస్తే ఎర్రర్ పోయిందట, కానీ అంకె మరీ చిన్నదొచ్చిందట. "ఆ 1 ఉంచేయనా పెదనాన్నా?"