ఎలుగుబంటి పొట్టలో ఆకాశం

చిట్టికీ, బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

ఫీనిక్స్‌ మ్యూజియంలో మీరు తీసి పంపిన ఎలుగుబంటి లాకెట్ ఫొటో చూశాను. "దాని పొట్టలో చందమామ, చుక్కలు పెయింటేనా తాతయ్యా?" అని అడిగావు కదా చిట్టీ. కాదు తల్లీ, అన్నీ రాళ్ళే. చేసినాయన జెస్సీ మొనాంగ్యే. 1952లో పుట్టాడు. తల్లి వైపు నవాహో, అంటే అమెరికాలోని ఒక ఆదివాసీ తెగ. న్యూ మెక్సికోలో గొర్రెలు మేపుకునే ఊళ్ళ మధ్య ఒక నవాహో అవ్వ పెంచింది. తండ్రి ప్రెస్టన్ నగల పనిలో పేరు మోసినవాడే, కానీ కొడుకు ఆయన్ని కలుసుకున్నది పెద్దయ్యాకే.

రాళ్ళ ముక్కలు పొదిగే ఆ పని ఎలా ఉంటుందంటే, మన పాతింట్లో నాపరాళ్ళు పరిచినట్టే. మేస్త్రీ రాయిని పక్కరాయికి ఆనించి, నేలకి చెంప పెట్టి, సందులో వెలుతురు కనిపిస్తే తీసి అంచు చెక్కేవాడు. మళ్ళీ పెట్టేవాడు, మళ్ళీ చెక్కేవాడు. నేను కడుపునొప్పని బడి మానేసి, బకెట్‌తో నీళ్ళందిస్తూ అక్కడే కూర్చునేవాణ్ణి. పనిచేసే చేతుల్ని చూస్తుంటే పొద్దే తెలీదురా. ఫోను చూసినా తెలీదంటారేమో, అది వేరే సంగతి!

ఆ నేలనే అరచేతిలో పట్టేంత చేసుకోండి. ఆకాశానికి లాపిస్ అనే నీలిరాయి, ఎరుపుకి పగడం, మెరుపుకి ఓపల్ అనే రాయి. ఒక్కో ముక్కనీ సానచక్రం మీద అరగదీసి, పక్కదానికి ఆనించి చూసి, జిగురుతో అతికించాలి. అన్నీ కూర్చాక పైన ఒకేసారి నునుపు పెట్టాలి. తంటా అక్కడే. లాపిస్ గట్టిది, పగడం మెత్తనిది. చెయ్యి కాస్త బరువైతే పగడం ముందు అరిగి పల్లం పడుతుంది. మా మేస్త్రీ రాళ్ళన్నీ ఒకే గనివి, ఈయనకా సుఖం లేదు.

నవాహోలకి దిక్కుకో పవిత్ర పర్వతం, పర్వతానికో రాయో గవ్వో. తూర్పుకి తెల్ల గవ్వ, దక్షిణానికి టర్కాయిస్ అనే పచ్చనీలం రాయి, పడమరకి రంగులు మారే అబలోని గవ్వ, ఉత్తరానికి జెట్ అనే నల్లరాయి. వాళ్ళకి రాయంటే వట్టి అలంకారం కాదు.

ఇక ఆ చుక్కల దగ్గర నా నాపరాళ్ళ కథ చాలదు. ఆవగింజంత ముక్కల్ని ఆ నీలంలో కూర్చోబెట్టడమంటే మాటలా!

ఈసారి వెళ్తే ఎదురుగా నిలబడకండి, పక్కకి వంగి చూడండి. రాళ్ళ మీద జారే వెలుగు ఎక్కడైనా తడబడుతోందా, పగడం దగ్గర పల్లముందా చూసి రాయండి. బుజ్జిగాడు అద్దానికి ముక్కు ఆనించకుండా చూసుకో.

మీ తాతయ్య