తిప్పి చూస్తే తేలే తప్పు, తేలని తప్పు

ఒక కొలత పరికరం నమ్మదగినదో కాదో తేల్చాలంటే అంతకంటే కచ్చితమైన మరో పరికరం ఉండి తీరాలని చాలామంది అనుకుంటారు. లంబకోణాన్ని సరిచూసే మూలమట్టం, తలం వాలును బుడగతో చూపే రసమట్టం విషయంలో ఆ అవసరం లేదు.

మూలమట్టాన్ని పరీక్షించడానికి అంచు తిన్నగా ఉన్న ఒక పలక, సన్నగా చెక్కిన పెన్సిలు చాలు. పలక అంచుకు మూలమట్టం పిడిని ఆనించి, బద్ద వెంట ఒక గీత గీసి, తర్వాత మూలమట్టాన్ని బోర్లించి, అంచు మీది అదే బిందువు నుంచి రెండో గీత గీయాలి. కోణం సరిగ్గా 90 డిగ్రీలైతే రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడతాయి; లేకపోతే దూరం పోయేకొద్దీ విడిపోతాయి. 300 మిల్లీమీటర్ల దూరంలో వాటి మధ్య ఎడం 1 మిల్లీమీటరు ఉంటే అసలు దోషం అందులో సగమే. తప్పును రెట్టింపు చేసి కంటికి చూపించడమే ఈ పద్ధతిలోని గొప్పతనం.

రసమట్టానికీ ఇదే ఉపాయం పనికొస్తుంది. దాన్ని ఆనించే తలానికి కొంచెం వాలు ఉన్నా ఫరవాలేదు. బుడగ ఎటు, ఎంత జరిగిందో గుర్తుపెట్టుకుని, పరికరాన్ని అదే చోట ఈ కొస ఆ కొసకు వచ్చేలా తిప్పి పెట్టాలి. బుడగ మళ్లీ అదే దిక్కుకు అంతే దూరం జరిగితే వాలు తలానిదే, పరికరం సరైనదే.

పొడవుకు ఈ సౌకర్యం లేదు. సరళరేఖను రెండు సమాన కోణాలుగా విభజిస్తే లంబకోణం దానంతటదే వస్తుంది గాని, మిల్లీమీటరు అలా రాదు. దాన్ని బయటినుంచి తెచ్చుకోవాల్సిందే. స్వీడన్‌కు చెందిన కార్ల్ ఎడ్వర్డ్ జొహాన్సన్ 1896లో రూపొందించిన గేజి బ్లాకులు, అంటే పొడవు నిర్ధారితమైన నునుపైన ఉక్కు దిమ్మెలు, ఈ అవసరాన్నే తీరుస్తాయి.

వెర్నియర్ కాలిపర్స్ దవడలు మూసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని సందు చూడటం మంచి అలవాటే. అయితే సున్న దగ్గర సరిగ్గా ఉన్నంత మాత్రాన స్కేలంతా సరిగ్గా ఉన్నట్టు కాదు. స్క్రూగేజిలో ఈ మెలిక ఇంకా సూక్ష్మమైనది. మర పిచ్, అంటే ఒక చుట్టుకు మర జరిగే దూరం, 0.5 మిల్లీమీటరైతే 5, 10, 15 మిల్లీమీటర్ల దిమ్మెలన్నీ తలస్కేలును, అంటే మరతోపాటు తిరిగే గుండ్రని స్కేలును, ఒకే స్థానంలో నిలుపుతాయి కనుక, ఒక చుట్టు లోపల మరకు ఉన్న లోపం ఎన్నిసార్లు కొలిచినా బయటపడదు. అందుకే 5.1, 10.3, 20.2 వంటి, చూడటానికి వింతగా ఉండే పొడవులను ఎంచుకుంటారు. కొలిచే ప్రతిసారీ మరను రాచెట్‌తోనే, అంటే ఒకే బలంతో బిగించే కొస పిడితోనే, బిగించాలి; వేళ్ల బలం మారితే అంకె కూడా మారుతుంది.

చాలామంది పట్టించుకోనిది ఉష్ణోగ్రత. పొడవు కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ అని 1931లో అంతర్జాతీయంగా నిర్ణయించారు. 100 మిల్లీమీటర్ల ఉక్కు ముక్క 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.011 మిల్లీమీటరు సాగుతుంది, అంటే స్క్రూగేజి మీద ఒక గీతకు పైనే. పరికరం, వస్తువు రెండూ ఉక్కువై, ఒకే వేడిలో ఉంటే ఈ తేడా చాలావరకు రద్దవుతుంది. చిక్కల్లా ఒకటి చేతిలో వేడెక్కి, రెండోది బల్లమీద చల్లగా ఉన్నప్పుడే వస్తుంది. కాబట్టి గేజి బ్లాకును, స్క్రూగేజిని ఒకే ఇనుప బల్ల మీద పక్కపక్కన ఉంచి, రెండింటి వేడీ సమానమయ్యేదాకా ఆగి, ఆ తర్వాతే కొలవాలి.